దేవతల తోటలో ఎర్రరాళ్లు

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కొలరాడో రాష్ట్రమున కొలరాడో స్ప్రింగ్స్ అను నగరము కలదు. ఆ నగరపు పడమటి అంచున, రాకీ పర్వతములు మైదానమును తాకుచోట, ఎర్రని రాళ్లు నేలలోనుండి నిలువుగా లేచి నిలిచియున్నవి. కొన్ని పలకలవలె పలుచగా ఉండును. కొన్ని గోపురములవలె కొనదేరి ఉండును. వానిలో మిక్కిలి ఎత్తైన ఉత్తర ద్వారశిల సుమారు 100 మీటర్ల ఎత్తుగలది. ఆ శిల నెత్తిమీద రెండు ఒంటెలు మూతులు ఆనించుకొన్నట్లు ఒక ఆకారము కనబడును. ఈ ప్రదేశమునకు ‘గార్డెన్ ఆఫ్ ది గాడ్స్’ అని పేరు. అనగా దేవతల తోట.

ఈ పేరు వచ్చుటకు ఒక చిన్న కథ చెప్పుదురు. 1859లో డెన్వరునుండి ఇద్దరు సర్వేయర్లు కొత్త పట్టణమునకు స్థలము చూచుటకై ఇటు వచ్చిరి. వారిలో బీచ్ అనునాతడు ఈ చోటు బీరు అమ్ముటకు చక్కని తోట కాగలదనెనట. రూఫస్ కేబుల్ అను రెండవవాడు దానికి సమ్మతింపక, ఇది దేవతలు కొలువుతీరదగిన తావని చెప్పెనట. ఆ మాటయే నిలిచిపోయినది. యూట్ జాతి ఆదివాసులకు మాత్రము ఈ రాళ్లు అంతకు ఎన్నో తరముల ముందునుండియు తెలిసినవే. 1879లో చార్లెస్ ఇలియట్ పెర్కిన్స్ అను రైల్వే అధిపతి ఇక్కడ భూమి కొనెను గాని ఇల్లు కట్టలేదు. ఆయన 1907లో చనిపోగా, 1909లో ఆయన బిడ్డలు 480 ఎకరములను నగరమునకు దానమిచ్చిరి. ప్రజలకు ఎన్నటికిని రుసుము లేకుండ తెరచియుంచవలెననియు, అందు మత్తుపానీయములు తయారుచేయుటగాని అమ్ముటగాని కూడదనియు షరతు పెట్టిరి. పాపము, బీచ్ తలచిన బీరుతోటకు తావు లేకపోయినది. నేడు ఆ ఉద్యానము 1,300 ఎకరములకు పైగా విస్తరించి, నగరము వారి నిర్వహణలో ఉన్నది. ప్రవేశమునకు రుసుము లేదు.

ఇచట నడక తలపెట్టినవారు మూడు విషయములు ముందుగా తేల్చుకొనవలసియుండును. ఏ దిక్కునుండి నడవవలెను? ఏ వేళకు బయలుదేరవలెను? రాళ్లను ఎక్కవచ్చునా, కూడదా? ఈ ప్రశ్నలకు జవాబులు ఆ రాళ్లలోను, వానిపైనున్న గాలిలోను దొరకును.

రాళ్లు నిలువుగా నిలిచిన విధము

సుమారు 30 కోట్ల సంవత్సరముల క్రిందట ఈ ప్రాంతమున, నేటి రాకీలకు పూర్వము, వేరొక పర్వతశ్రేణి ఉండెను. భూవిజ్ఞానులు దానిని పూర్వ రాకీలు అని పిలుచుచున్నారు. ఆ కొండలు వానలకును నదులకును అరిగిపోయినవి. కొండలనుండి దిగిన వాగులు తమతో తెచ్చిన గులకరాళ్లను, ముతక ఇసుకను పాదముల వద్ద విసనకర్ర ఆకారమున మేటలు వేసినవి. ఆ మేటలు గట్టిపడి ఏర్పడిన రాతికి ఫౌంటెన్ శిలాస్తరము అని పేరు. దీనిని దగ్గరగా చూచిన గులకరాళ్లు, తెల్లని స్ఫటికపు తునకలు, గులాబిరంగు ఫెల్డ్‌స్పార్ రేణువులు కలగాపులగముగా కనబడును. ఫెల్డ్‌స్పార్ దూరప్రయాణమున త్వరగా నలిగి మన్నగును. అది ఇంకను పెద్ద రేణువులుగా మిగిలియుండుటచే, ఆ ఇసుక ఎంతో దూరమునుండి రాలేదని తేలుచున్నది.

కొండలు చాలవరకు అరిగిపోయిన పిమ్మట, సుమారు 28 కోట్ల సంవత్సరముల క్రిందట, ఆ చోట గాలికి కదలు ఇసుకదిబ్బలు వెలసినవి. వాని ఇసుక సన్ననిది, రేణువులు గుండ్రనివి, ఒకదానితో ఒకటి సమానమైనవి. గాలి జల్లెడ పట్టినట్లు పట్టును గదా. ఈ ఇసుకనుండి పుట్టినది లయన్స్ ఇసుకరాయి. ఎత్తైన ద్వారశిలలు ఈ రాతివే. దిబ్బ వాలునందు ఇసుక జారి ఏర్పడిన ఏటవాలు చారలు ఈ రాతిలో కొన్నిచోట్ల నేటికిని గుర్తింపవచ్చును.

అటుపిమ్మట ఈ పొరలపై మరికొన్ని పొరలు పడినవి. అవి లోతులేని నీటిలో పేరిన బురద, నదీతీరపు మన్ను, సముద్రతీరపు ఇసుక, చివరకు సముద్రగర్భపు సున్నపుపొరలు. ఇవన్నియు మొదట చాపలు పరచినట్లు సమతలముగా ఉండినవే. సుమారు 7 కోట్ల సంవత్సరముల క్రిందట నేటి రాకీ పర్వతములు లేవనారంభించినవి. పడమట లోతుననున్న గ్రానైటు ఒక భ్రంశము వెంబడి పైకి పొడుచుకొని రాగా, దానిమీది పొరలు ఆ అంచున మడతపడి, నిలువునకు తిరిగినవి. ఒకటి రెండు చోట్ల నిలువు దాటి వెనుకకు ఒరిగినవి కూడను. తరువాత నీరును మంచును మెత్తని పొరలను తొలిచివేయగా, గట్టి పొరలు గోడలవలె మిగిలినవి. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. అయిదారు రంగుల అట్టలుగల నోటుపుస్తకములను ఒకదానిపై ఒకటి పేర్చి, ఆ దొంతరను ఒక ప్రక్కనుండి ఎత్తి నిలువుగా నిలిపిన చాలును. ఒకనాడు అడుగుననున్న పుస్తకము ఇప్పుడు ఒక కొసనుండును. పైనున్నది రెండవ కొసనుండును. బల్లమీద ఈ కొసనుండి ఆ కొసకు వ్రేలు జరిపినచో కాలమునందు వెనుకకు పోయినట్లే.

ఏ దిక్కునుండి నడవవలెనను ప్రశ్నకు సమాధానము ఇదియే. దేవతల తోటలో పొరలు ఉత్తర దక్షిణములుగా సాగియున్నవి. తూర్పుననున్నవి చిన్నవయస్సువి, పడమటనున్నవి ముసలివి. సందర్శకుల కేంద్రము తూర్పు అంచున ఉన్నది. అచటినుండి పడమరగా బయలుదేరినవారు మొదట సముద్రపు పొరలను, డకోటా ఇసుకరాతి మిట్టను దాటి, డైనోసారుల కాలపు మెత్తని మన్నును దాటి, ద్వారశిలలయొద్ద ఇసుకదిబ్బల కాలమును చేరి, చివరకు ఫౌంటెన్ శిలల గులకరాళ్లను చేరుదురు. ఇంకను పడమర చూచిన, ద్వారశిలల సందున మంచుతో పైక్స్ శిఖరము కనబడును. దాని ఎత్తు 4,302 మీటర్లు. దాని గ్రానైటు వయస్సు 100 కోట్ల సంవత్సరములకు పైబడినది. కొద్ది కిలోమీటర్ల చూపులో ఇంతటి కాలము ఇమిడియుండు చోట్లు అరుదు.

డైనోసారుల మాట వచ్చినది గనుక ఒక విషయము చెప్పవలెను. 1878లో కొలరాడో కళాశాల ఆచార్యుడు జేమ్స్ కెర్ ఈ తోటలోని ఒక మిట్టపై ఒక కపాలశిలాజమును కనుగొనెను. అది చిరకాలము కాంప్టోసారస్ అను జంతువుదని లెక్కింపబడినది. 2006లో ఇద్దరు పరిశోధకులు దానిని మరల పరీక్షించి, ఎముకకు అంటియున్న రాతిని బట్టి అది ఇతర కాంప్టోసారస్‌లు దొరకిన పొరలోనిది కాదనియు, దానికంటె తరువాతి పొరలోనిదనియు, జంతువు కూడ వేరనియు తేల్చిరి. దానికి థియోఫైటేలియా అని పేరిడిరి. గ్రీకుభాషలో దేవతల తోట అనియే దాని అర్థము. నూటఇరువదియెనిమిది సంవత్సరములు పెట్టెలోనున్న వస్తువునుగూర్చి దానికంటిన ఇసుక సాక్ష్యము పలికినది.

ఎరుపు రంగు

ఇసుకరాతిలో అధికభాగము స్ఫటికపు రేణువులే. వానికి స్వతహాగా రంగు లేదు. ఒక్కొక్క రేణువుపై హెమటైట్ అను ఇనుప ఆక్సైడు పలుచని పూతగా ఉండుటచే రాయి అంతయు ఎర్రబారును. ఇనుము కొద్దిపాళ్లు ఉన్నను ఇందుకు చాలును. పలుచని పూత అయినందున, నీరు ఎక్కువగా పారి ఇనుమును కరగించి తీసికొనిపోయిన చోట్ల అదే రాయి తెల్లబడును. ద్వారశిలలకు సమీపముననే తెల్లని రాతిగోడ నిలిచియుండుట చూచి ఇది వేరొక జాతి అని భ్రమపడువారు పలువురు.

విశాఖపట్టణము, భీమునిపట్నముల నడుమ సముద్రతీరముననున్న ఎర్రమట్టి దిబ్బలను చూచిన విద్యార్థులకు ఈ రంగు కొత్త కాదు. 2014లో జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తింపబడిన ఆ దిబ్బలలోను ఇసుకరేణువులకు ఇనుప ఆక్సైడు పూతయే ఎరుపు నిచ్చుచున్నది. భేద మేమనగా, ఆ ఇసుక ఇంకను రాయి కాలేదు. చేతితో నలిపిన రాలును; ఒక్క వానకు గండ్లు పడును. కొలరాడో ఇసుక కోట్ల సంవత్సరములు లోతున అణగి, రేణువుల సందులలో సున్నపు పదార్థము, బంకమన్ను, ఇనుప ఆక్సైడు చేరి అతుకుకొని రాయియైనది. అయినను ఆ అతుకు ఎంత గట్టిది అను ప్రశ్న మిగిలియున్నది. దానికి తరువాత వత్తము.

ఎన్ని గంటలు పట్టును?

కొండదారులలో నడకకాలమును లెక్కగట్టుటకు నెయిస్మిత్ అను స్కాట్లండు దేశీయుడు 1892లో ఒక సూత్రము చెప్పెను. ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట. ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరియొక గంట. దేవతల తోటలో నడుమనున్న పెర్కిన్స్ దారి రెండు కిలోమీటర్లకు కొంచెము పైబడినది; చదునుగా చప్టా చేయబడియుండుటచే చక్రములకుర్చీలో కూడ పోవచ్చును. తూర్పునుండి పడమటి కొసకు పోయి, ప్రక్కదారులు చుట్టి మరలి వచ్చుటకు 8 కిలోమీటర్లనియు, ఎక్కుడు మొత్తము 150 మీటర్లనియు అనుకొందము. 8ని 5చే భాగింప గంటా 36 నిమిషములు. 150 మీటర్లకు 15 నిమిషములు. వెరసి గంటా 51 నిమిషములు. ఈ లెక్క అలవాటుపడి, ఆగక నడచువారిది. పిల్లలు, కొత్తవారు ఉన్నచో సగము కలుపవలెను. అప్పుడు సుమారు రెండు గంటల ముప్పాతిక. రాళ్లను చూచుటకు ఆగు సమయము మరియొక గంట. ఉదయము 7 గంటలకు బయలుదేరినవారు 10 గంటల ముప్పాతికకు తిరిగి చేరుదురు.

ఈ లెక్కలో ఎత్తునకు కొంత చోటు వదలవలెను. తోట సముద్రమట్టమునకు సుమారు 1,950 మీటర్ల ఎత్తున ఉన్నది. హైదరాబాదు 540 మీటర్ల ఎత్తుననే ఉన్నది. దేవతల తోటలో వాయుపీడనము సముద్రతీరపు పీడనములో నూటికి 80 వంతులు మాత్రమే. గాలిలో ఆమ్లజని పాలు అంతటను ఒకటే గాని, ఒక్కొక్క ఊపిరితో లోనికి పోవు ఆమ్లజని అయిదవవంతు తగ్గును. సముద్రతీరమునుండి నిన్ననే విమానము దిగినవాడు నేడు మిట్టయెక్కిన ఎగరోజుట సహజము. ఒకటి రెండు రోజులు ఆగి నడచుట మేలు. నీరు అచట సుమారు 93 డిగ్రీలకే మరగును. ఎండలోని అతినీలలోహిత కిరణములు ప్రతి వేయి మీటర్లకు నూటికి 10 వంతుల చొప్పున హెచ్చును. గాలి చల్లగా తగులుచుండగనే చర్మము కమలును. గాలి పొడిగా ఉండుటచే చెమట పుట్టినవెంటనే ఆరిపోవును. చొక్కా తడియదు గనుక నీరు పోవుచున్నదని మనిషికి తెలియదు. విశాఖలో నడచువానికి తడిసిన చొక్కా ఇచ్చు హెచ్చరిక ఇచ్చట లేదు. కాబట్టి దాహమునకై వేచియుండక గంటకు అరలీటరు చొప్పున లెక్కవేసికొని నీరు మోసికొనిపోవలెను.

ఉరుముల వేళ

బయలుదేరు వేళను నిర్ణయించునది ముఖ్యముగా మేఘము. జూలై, ఆగస్టు మాసములలో కొలరాడో పర్వతముల అంచున మధ్యాహ్నపు ఉరుములవానలు తరచుగా వచ్చును. ఉదయపుటెండకు కొండల వాలులు మైదానములకంటె ముందుగా వేడెక్కును. ఆ వాలులనంటిన గాలి తేలికపడి పైకి లేచును. లేచిన గాలి చల్లబడి, అందలి ఆవిరి నీటిబొట్లగును. అప్పుడు విడుదలయగు ఉష్ణము ఆ గాలిని ఇంకను పైకి నెట్టును. పది గంటలకు దూదిపింజవలె తెల్లగా నుండిన మేఘము ఒంటిగంటకు కమ్మరి దాకలివలె నల్లబడి చదునుతల దాల్చును. అందులో మంచుపలుకులు ఒరసికొని విద్యుదావేశములు వేరగును.

తెల్లని మెరుపు కనబడినది మొదలు ఉరుము వినబడువరకు సెకండ్లను లెక్కించి 3చే భాగింప, పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరమున పడినదో తెలియును. 30 సెకండ్లకు తక్కువయైనచో అది 10 కిలోమీటర్లలోపలనే ఉన్నది. మరుపిడుగు నడచువాని చెంతనే పడవచ్చును. వెంటనే కట్టడములోనికిగాని, పైకప్పుగల మోటారుకారులోనికిగాని పోయి, కడపటి ఉరుము తరువాత 30 నిమిషములు గడచువరకు వెలుపలికి రాకూడదు. వానకు తడియకుందుమని ఎత్తైన రాతి మొదట, రాతిగూటిలో నిలుచుట సాధారణముగా జరుగు పొరపాటు. పిడుగు రాతి కొనపై పడి తడిసిన రాతిముఖము వెంబడి క్రిందికి పారును. గూటిచూరునుండి లోపల నిలిచినవానిమీదికి దుముకును. ఎండిన గూడు సురక్షితమైన గూడు కాదు.

ఉదయమున నడచుటలో మరియొక లాభము కలదు. రాతిగోడలు ఉత్తర దక్షిణములుగా ఉన్నవి గదా. కావున తూర్పు ముఖములు ప్రొద్దుపొడుపున వెలుగును. ఆ ఏటవాలు ఎండలో ఎరుపు హెచ్చును. దిబ్బల చారలు నీడలతో తేటపడును.

తడిసిన రాయి

ఇక మూడవ ప్రశ్న. ఎర్రని రాతిని చూచిన ప్రతి పిల్లవానికిని ఎక్కవలెనని బుద్ధి పుట్టును; పెద్దలలో కొందరికిని పుట్టును. దేవతల తోటలో తాడులేక రాళ్లపైకి ఎగబ్రాకుట చట్టవిరుద్ధము. ముందుగా నమోదు చేసికొని, తగిన పరికరములు గలవారు మాత్రమే నియమిత స్థలములలో ఎక్కవచ్చును. వానగాని మంచుగాని పడినప్పుడును, రాయి తడిగానున్నప్పుడును వారు సైతము ఎక్కకూడదు. ఈ నియమము వెనుక శాస్త్రమున్నది.

ఇసుకరాయి గ్రానైటు వంటిది కాదు. గ్రానైటులో స్ఫటికములు ఒకదానిలో ఒకటి పెనవేసికొని పెరిగినవి. ఇసుకరాతిలో రేణువులు వేరువేరు. వాని నడుమ అతుకు ఎంత గట్టిదో రాయి అంతే గట్టిది. రేణువుల సందులలో నీరు చేరినప్పుడు బంకమన్ను మెత్తబడును. అతుకులోని బంధములు సడలును. కొన్ని ఇసుకరాళ్లు తడిసినప్పుడు తమ బలములో సగమువరకు కోల్పోవునని పరీక్షలలో తేలినది. పైతలము గంటలో ఆరినను లోపలి చెమ్మ ఆరుటకు ఒకరోజో, అంతకు మించియో పట్టును. కంటికి పొడిగా కనబడు మెట్టు, కాలు మోపగనే ఊడివచ్చుటకు కారణమిదియే. పల్లెటూళ్లలో పచ్చియిటుకను చూచినవారికి ఇది వివరింప నక్కరలేదు. ఎండిన పచ్చియిటుకపై మనిషి నిలువగలడు. ఒక రాత్రి వానలో నానినదానిని బొటనవ్రేలితో నొక్కవచ్చును. మంచుదేశమగుటచే ఇంకొకటి కూడ జరుగును. పగులులోని నీరు గడ్డకట్టునప్పుడు నూటికి తొమ్మిది వంతులకు దగ్గరగా ఉబ్బి రాతిని చీల్చును. చలికాలము వెళ్లునప్పుడు వ్రేలాడు రాళ్లక్రింద కూర్చుండి ఫలహారము చేయువారు తలపైకి ఒకమారు చూచుకొనవలెను.

జారుడు సంగతి వేరు. భౌతికశాస్త్రములో ఘర్షణ గుణకమును చదువు విద్యార్థులు దీనిని తామే లెక్కింపగలరు. వాలు కోణపు టాంజెంటు ఘర్షణ గుణకమునకు సమానమగువరకు పాదము నిలుచును, మించిన జారును. రబ్బరు అట్టకును పొడిరాతికిని గుణకము 0.7 అనుకొన్నచో కోణము 35 డిగ్రీలు. రాతిపై రాలిన ఇసుక గోళీలవలె దొర్లుటచేతగాని, తడిసిన బంకమన్నుచేతగాని గుణకము 0.4కు దిగినచో 22 డిగ్రీలు. ఇప్పుడు 30 డిగ్రీల వాలు ఊహింతము. పదకొండు గంటలకు పొడిరాతిపై ఒక కుర్రవాడు దానిని సునాయాసముగా ఎక్కును. తన సత్తువను చూచి సంతోషించును. పైన కూర్చుండి ఫొటోలు తీసికొనుచుండగా పదినిమిషముల జల్లు పడినది. వాలు మారలేదు, కుర్రవాడు మారలేదు. కాని ఇప్పుడు అదే వాలు అతనిని నిలుపలేదు. దీనికితోడు ఎక్కునప్పుడు చేతిపట్లు కంటియెదుట ఉండును. దిగునప్పుడు కాలు మోపుచోటు తన శరీరము మాటుననే ఉండును. రాళ్లపై చిక్కుకొని, అగ్నిమాపకదళమువారు తాళ్లతో వచ్చి దింపవలసినవారిలో చాలమంది ఎక్కగలిగినవారే, దిగలేనివారు. పిల్లలను వెంటబెట్టుకొని పోవు ఉపాధ్యాయుడు ఈ లెక్కను బయలుదేరుటకు ముందు నల్లబల్లపై వేసి చూపుట మంచిది. కూడదని చెప్పిన వినని కుర్రవాడు టాంజెంటు పట్టిక చెప్పిన విను నవకాశము కొంత ఉన్నది.

పాదముల క్రింద చూచుకొనుట కూడ అవసరము. దారి విడిచి పొదలలో కాలుపెట్టినచో గిలకపాము ఉండవచ్చును. తోకనున్న గిలక ఆడించి అది ముందుగా హెచ్చరించును గాని, ప్రతిసారియు ఆడించునని నమ్ముటకు లేదు. మిట్టలమీది మన్నులో తేనెచీమల పుట్టలు కలవు. 1879లో ఫిలడెల్ఫియానుండి వచ్చిన మెక్కుక్ అను క్రైస్తవ బోధకుడు వానిని ఇచ్చటనే పరిశీలించి, 1882లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆ పుట్టలలో కొన్ని చీమలు కడుపునిండ తీపిరసము నింపుకొని ద్రాక్షపండంత ఉబ్బి, గదిపైకప్పు పట్టుకొని వ్రేలాడుచు, ఆకలిగొన్న తోటిచీమలకు సజీవములైన తేనెకుండలుగా పనిచేయును. దారిని విడిచి అడ్డముగా నడచువారు మట్టమునకు త్రొక్కునది ఇటువంటి వానినే.

పడమటి దారి చివర తూకపురాయి ఉన్నది. సుమారు 700 టన్నుల బరువుగల ఫౌంటెన్ శిల తనకంటె సన్నని పాదముపై ఒరిగి నిలిచియున్నది. ఎవ్వరును దానిని తెచ్చి అక్కడ పెట్టలేదు. ఆ రాతియందు కొన్ని పొరలు మెత్తనివి, కొన్ని గట్టివి. అడుగునగల మెత్తనిపొరను గాలియు, నీరును, మంచును త్వరగా కొరికివేసినవి. పైనున్న ముతక గులకరాళ్ల పొర నిలిచినది. రాతి బరువుకేంద్రమునుండి గీచిన నిలువుగీత ఇంకను పాదములోపలనే పడుచుండుటచే అది పడిపోలేదు. ఆ గీత పాదము దాటు దినమున పడును. అది ఎప్పుడో ఎవ్వరును చెప్పలేరు. దానిక్రింద చేతులు పైకెత్తి, తామే మోయుచున్నట్లు ఫొటో తీయించుకొనని యాత్రికులు అరుదు. పది గంటల వేళకు అచటికి చేరినవారు ఆ ఫొటో ముగించుకొని పడమటికి తిరిగి చూడవలెను. పైక్స్ శిఖరముపై అరచేతియంత తెల్లని మేఘమొకటి అప్పటికే పుట్టియుండును. సందర్శకుల కేంద్రమునకు తిరుగుదారి ఇంకను ముప్పాతిక గంట ఉన్నది.